కొండయ్య అడిగిన చెవి

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. విన్నాక నవ్వుతారేమో. ఫోనులో ఆడుకునే ఆటకు ఇంత ఏడుపా అంటారేమో. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకుని తప్పించుకున్నాను.

ఉదయగిరిలో ఫోన్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తాను. కొండయ్య నాతో చదివినవాడు, గొర్రెల కాపరి. కోటలు కట్టే ఆట ఒకటి అతని ఫోనులో ఎక్కించింది నేనే. కోట తలుపు పెద్దది చేయాలంటే ఎర్రరాళ్లు కావాలి. రోజూ ఆట తెరిస్తే ఒకటో రెండో రాలుస్తుంది, వట్టిపోతున్న గేదె పాలిచ్చినట్టు. నా తలుపు ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. ప్రకటనలన్నీ చూశాను, పండగలకిచ్చే బహుమతులన్నీ ఏరుకున్నాను, అయినా చాలవు. అంగట్లో గిరాకీ నిలబడి ఉంటే పట్టించుకోకుండా ఆ తెర చూస్తూ కూర్చునేవాణ్ణి. అన్నం తింటున్నా అదే ధ్యాస.

కొండయ్య దగ్గర మాత్రం కుప్పగా ఉండేవి. గొర్రెలు మేస్తుంటే గుట్టెక్కి, సిగ్నలు పట్టుకుని, రోజూ ఏరుకున్నవి. ఒక్కటీ ఖర్చు పెట్టేవాడు కాదు. అన్నీ కూడాక కోటంతా ఒకేసారి లేపుతానని మురిసిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. వాడుకోనివాడికి అన్నెందుకు? దొంగ మొదట వేసుకునే ప్రశ్న ఇదేనని అప్పుడు తెలియలేదు.

ఆ ఏడు వరికోతలయ్యాక మందను చేజర్ల వైపు తోలుకుపోయాడు. కోసిన మళ్లలో మంద నిలిపితే రైతుకు ఎరువు, గొర్రెలకు మేత. అక్కడ చార్జింగు కష్టమని చిన్న ఫోను తీసుకుని, టచ్ ఫోను నా దగ్గర పెట్టాడు. రోజూ ఆట తెరిచి, వచ్చే రాళ్లు పోకుండా చూడమన్నాడు. కొన్నాళ్లు బుద్ధిగానే చూశాను. ఒక మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. ఆ ఆటలో స్నేహితులకు కానుక పంపే వీలుంది, ఎవరికి పంపిందీ లోపల లెక్కల్లో వెతికితేగానీ కనపడదు. అతని రాళ్లన్నీ నా కోటకు పంపేశాను. తలుపు పెద్దదైంది, తెర మీద బాకాలు ఊదారు. ఆ సంతోషం టీ చల్లారేలోపే పోయింది. తర్వాతి మెట్టుకు అంతకు రెట్టింపు అడిగింది.

అప్పుడు మొదలైంది దడ. ఆత్మకూరు బస్సు వచ్చి ఆగితే చాలు, దిగేవాళ్లలో అతనున్నాడేమోనని చూసేవాణ్ణి.

కాపరుల్లో ఒక కట్టుబాటు ఉంది. నలుగురి గొర్రెలు ఒకే మందలో కలిపి తోలుకుపోతారు. ఒక్కో ఇంటి గొర్రెకు ఒక్కో రకం చెవికోత, అదే గుర్తు. దారిలో ఎవరి గొర్రె చచ్చినా కాపరి ఆ చెవి కోసి తెచ్చి సొంతదారుకు చూపించాలి. చూపించలేకపోతే అమ్ముకుతిన్నాడనే అర్థం.

కొండయ్య వచ్చాడు. ఆట తెరిచి చూసుకున్నాడు. మొహం వాడిపోయింది, అయినా నవ్వాడు.

"రాళ్లన్నీ యాడికి పోయినాయిరా? చెవి తెచ్చినావా?"

"యాడ చెవిరా! మీ శీనయ్య వచ్చి ఫోను తీసుకున్నాడు కాసేపు. గొర్రెల ఫోటోలు చూసుకోవాలన్నాడు."

"వాడా?"

"వాణ్ణే అడిగి చూడు."

"సరేలే. నువ్వు చెప్పినాక ఇంక చెవెందుకు నాకు."

శీనయ్య అతని తమ్ముడు. ఇద్దరిదీ ఒకే మంద, ఇద్దరూ ఆ ఆటే ఆడతారు. మధ్యలో బియ్యానికని ఊరికొచ్చినప్పుడు ఫోను తీసుకున్నమాట నిజం. ఫోటోలు చూసుకుని వెంటనే ఇచ్చేశాడు, అదొక్కటే నేను చెప్పలేదు. నా మాటల్లో అబద్ధమనేది వెతికినా దొరకదు. అందుకేనేమో నింద అంత గట్టిగా అంటుకుంది.

తాను తీయలేదని శీనయ్య తల్లి మీద ఒట్టేశాడు. రాళ్లు పోయినందుకు కాదు, తన ముందే అబద్ధమాడుతున్నాడని కొండయ్య వాణ్ణి కొట్టాడు. వాడి పెళ్లాం చూస్తుండగా కొట్టాడు. ఆ వారంలోనే మంద విడిపోయింది. శీనయ్య తన వాటా గొర్రెల్ని అమ్మేసి ఆత్మకూరులో ఆటో తోలుకుంటున్నాడు. తోడికోడళ్లకు ముందునుంచీ పడదు, ఎట్లయినా విడిపోయేవాళ్లే అని ఊళ్లో అంటారు. ఆ మాట పట్టుకుని ఎన్నాళ్లు వేళ్లాడానో! కానీ ఆ చెంపదెబ్బ? అది ఎట్లయినా పడేదేనా?

ఒకసారి ఆత్మకూరులో బస్సు దిగితే శీనయ్యే పిలిచి ఆటో ఎక్కించుకున్నాడు. దారిలో, "నేనే తీసినానని నువ్వన్నా నమ్మవు కదన్నా?" అన్నాడు. ఎండ మండిపోతోందన్నాను. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల ముందు రొట్టె పంచుతూ, ఎవరి మనసు వాళ్లు పరీక్షించుకోండని పాస్టరుగారు అంటే తల వంచుకుంటాను. పక్కవాళ్లకు అది భక్తిలా కనిపిస్తుంది. నాకు ఆ రొట్టెముక్క దిగదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న కొండయ్య అంగడికొచ్చాడు. మళ్లీ మంద తోలుకుపోతున్నాడు, ఈసారి ఒంటరిగా. ఫోను నా చేతిలో పెట్టి, "ఆ ఆట తీసేయ్‌రా. చూసినప్పుడల్లా తమ్ముడు గుర్తొస్తాండాడు" అన్నాడు. తీయడానికి నన్నే నమ్మాడు.

ఫోను నా ముందే ఉంది. ఇంకా తీయలేదు. తీసేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. చెబితే? నన్ను వదిలేస్తాడు, వదలనీ. కానీ కొట్టిన చెయ్యితో తమ్ముడి గడప ఎట్లా తొక్కుతాడు? ఇది అతని మీద జాలా, నా పిరికితనమా? పిరికితనమే. ఇంత తెలిశాక కూడా నోరు పెగలడం లేదు.

కొండయ్య అడిగిన చెవి ఇదిగో, ఇన్నాళ్లకు తెచ్చి మీ ముందు పెట్టాను. నాకు కాస్త ఊపిరాడుతోంది. అది చూడాల్సినవాడు మాత్రం రేపు పొద్దున ఫోను కోసం వస్తాడు.