బీడీ లేని ఏడో రోజు

ఇరవై రెండేళ్లు మా ఆయన మరుగుదొడ్డికి పోయే ముందు బీడీ, అగ్గిపెట్టె కిటికీలో పెట్టింది నేనే. దేవుడి దీపం వెలిగించిన అగ్గిపెట్టెనే. బీడీ లాగితే గానీ ఆయన కడుపు కదలదని, నేను కాపురానికి వచ్చిన రెండో రోజే మా అత్త చెప్పింది. మొగుడి సేవ అనుకుని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పనివాడు. పోయినేడు కాలి బొటనవేలి మీద పుండు లేచి నల్లబడింది. నంద్యాల డాక్టరు చూసి, రక్తనాళాలు మూసుకుపోతున్నాయి, బీడీ పూర్తిగా మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని తేల్చేశాడు.

"మానితే నాకు దొడ్డికి రాదు సార్," అన్నాడు మా ఆయన.

డాక్టరు విసుక్కోలేదు. పేగు గోడల్లో సొంత నరాలు ఉంటాయట, కదలమని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట. ఆ కబురు అందుకునే చోటే పొగాకులోని నికోటిన్ పోయి కూర్చుంటుంది. మొదట నరాలు ఉలిక్కిపడి పేగును కదిలిస్తాయి. రోజూ పొడుస్తుంటే సొంత కబురుకే మొద్దుబారతాయి. మానేస్తే కొన్నాళ్లు పేగు మందగిస్తుంది, తర్వాత తన దారిన పడుతుంది. అంతవరకు నీళ్లు, విరేచనం సాఫీగా అయ్యే ఇసబ్గోల్ పొట్టు, ఓపిక. ఇన్నేళ్లూ మందనుకుని నేనొక దొంగకు తలుపు తీశాను.

బీడీ మానిన మూడో రోజుకు ఆయన కడుపు బిగిసింది. ఐదో రోజుకు ఇంట్లో యుద్ధమే.

"నా కొడుకు కడుపు రాయైపోతాంది. సంపుతాండావా ఏందే?" అంది అత్త.

"పేగులో నరాలు కుదురుకునే దాకా ఓర్చుకోవల్లంట," అన్నాను.

"బడి మొగం సూడనిదానివి, డాక్టరమ్మవైతివా?" అని ఆయన చెంబు విసిరాడు. గోడకు తగిలింది. నిజమే, నాకు చదువు చెప్పింది ఇంట్లో మా నాయనే. విన్నది మరవకుండా ఉండడం మాత్రం బాగా నేర్పాడు, దేవుడి దయ.

ఏడో రోజు పొద్దున ఆయన మరుగుదొడ్డిలో ఉంటే, అత్త ముట్టించిన బీడీ పట్టుకుని తలుపు ముందు నిలబడింది.

"ఇద్దో నాయనా, ఒక్క దమ్ము లాగు."

లాక్కుని బకెట్లో ముంచాను.

"నీ చేతులిరగ!"

"ఇరిగితే ఇరగనీ. ఆ వేలు తెగితే నువ్వు అతికిస్తావా అత్తా?"

లోపలి నుంచి అరుపు: "వాకిట్లో మీరిద్దురూ ఇట్ల కొట్లాడుతాంటే వచ్చేది గూడా ఎనక్కి పోతాది! పోండాడికి!"

మేం కదల్లేదు. నోళ్లు మాత్రం మూసుకున్నాం. చాలాసేపటికి లోపల నీళ్లు పోసిన చప్పుడైంది. మళ్లీ పోశాడు. కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. అలాంటి దానికి దండమేమిటని సిగ్గుపడలేదు.

బయటికొచ్చి ఆయన నా మొహం చూడలేదు. "ఏం నిలబడినావ్? పుండు కడుగుదువు రా," అన్నాడు.

"నేను మొక్కుకుంటి గాబట్టి వచ్చింది. నీ గొప్పేం గాదులే," అంది అత్త.

నేనూ మొక్కుకున్నానని ఆమెకు చెప్పలేదు. తడిసిన బీడీని ఆమె బకెట్లోంచి తీసి ఎండకు పెట్టబోతోంది. చేతిలోంచి గుంజుకుని, నలిపి, కాలవలో పారేశాను.