గుర్రాన్ని ఎరవేసిన దర్జీ

ఆ దర్జీకి వీధిలో అనుమానాల మేస్త్రీ అని పేరు. ఒక టేపుతో కొలిచిన గుడ్డని ఇంకో టేపుతో కొలిస్తేగాని కత్తెర పట్టడు. అలాంటివాడు నమ్మిన మనిషంటూ ఉంటే అది పక్క మిషను మీద కుట్టే బావమరిదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక కటింగ్ బల్ల మీద ఇద్దరూ చదరంగం ఆడేవారు.

మేస్త్రీ దగ్గర ఒక ఎత్తు ఉంది. గుర్రాన్ని పొరపాటున వదిలేసినట్టు ముందుకు తోస్తాడు. ఆశపడి తీసుకున్నారా, రాజు పని అయిపోయినట్టే. బావమరిది ఏళ్ల తరబడి దానికే బోల్తా పడుతున్నాడు. "నీ బుర్రకి ఎక్కదురా" అని మేస్త్రీ మీసం దువ్వేవాడు.

కూతురు ఫోనులో చదరంగం పెట్టి ఇచ్చింది. మొదట్లో అదీ లొట్టలేసుకుంటూ గుర్రాన్ని తీసుకుని చిత్తయింది. ఒకరోజు బావమరిది ఆ ఫోను పట్టుకుని కనిపించాడు. ఆ మర్నాడు అది గుర్రం వంక కన్నెత్తి చూడలేదు.

"నా ఎత్తు దానికి చెప్పేశావు కదరా!"

"ఫోనుకి నేనేం చెప్తాను బావా? టైము చూశానంతే."

మాటకి మాట పెరిగింది. బావమరిది తన మిషను మోయించుకుని వెనకవీధిలో ఇంకో కొట్టుకి వెళ్లిపోయాడు. పక్కన మిషను చప్పుడు లేక మేస్త్రీకి కుట్టు సాగలేదు.

"అది ఓడిన ఆటలన్నీ దాచుకుంటుంది నాన్నా," అంది కూతురు. "చివరి నుంచి వెనక్కి వెళ్లి ఎక్కడ కాలు జారిందో వెతుక్కుంటుంది. ఆ ఎత్తుకి మార్కులు తగ్గిస్తుంది. మళ్లీ అటు పోదు."

"ఎవరూ చెప్పకుండానే?"

మేస్త్రీ నమ్మలేదు. కొట్టు తలుపేసుకుని, భార్యకి కూడా చెప్పకుండా, ఏనుగుతో కొత్త ఎర వేశాడు. ఫోను ఓడింది. మళ్లీ ఓడింది. ఆ తర్వాత ఏనుగుని ముట్టుకోలేదు. మేస్త్రీ బల్ల కింద కూడా వంగి చూశాడు. ఎవరూ లేరు. సిగ్గుతో చచ్చిపోయాడు.

చదరంగం చంకన పెట్టుకుని వెనకవీధికి వెళ్లాడు.

"తప్పు నాదేరా. ఒక్క ఆట ఆడు."

బావమరిది బల్ల మీద గుడ్డలు పక్కకి తోసి కూర్చున్నాడు. కాసేపటికి మేస్త్రీ చెయ్యి అలవాటుగా గుర్రాన్ని తోసింది. బావమరిది దాన్ని వదిలేసి పక్కనున్న బంటుని జరిపాడు.

"ఫోనొక్కటే నేర్చుకుంటుందా బావా?"

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"అక్క పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. నేను గుర్రాన్ని తీసుకుంటే నీ మొహం వెలిగిపోయేది. అందుకే తీసుకునేవాణ్ణి."

గుర్రం గడిలో అలాగే ఉంది. తీసుకోమనడానికి మేస్త్రీకి నోరు రాలేదు.