దవడ కట్టిన విజేత

ఆళ్లగడ్డలో మా ఆయన చెక్కని దేవుడు లేడు, చెక్కని నాయకుడూ లేడు. దేవుళ్లతో సుఖం. వాళ్ల కొలతలు శాస్త్రంలో ఒకసారి రాసిపెట్టారంటే ఇక మారవు. నాయకులు అలా కాదు. పెద్దాయన పోయాక కొడుకులు వచ్చి పొట్ట తగ్గించమంటారు, జుట్టు పెంచమంటారు, బతికినన్నాళ్లూ ఎవరినీ చూసి నవ్వని మనిషి ముఖాన నవ్వు పెట్టమంటారు. మా ఆయన పెడతాడు. ఆ నవ్వును నునుపు చేయడం నా పని.

ఇంకో పని కూడా నాదే. శిలాఫలకాల మీద చెక్కిన అక్షరాల్లో రంగు నింపడం. చాలా ఏళ్లు అవి అక్షరాలని తెలుసు గానీ ఏ అక్షరాలో తెలియదు. గుంతలో రంగు పోయడం, పొర్లితే గుడ్డతో తుడవడం, అంతే. యాభై దాటాక మా కోడలు పక్కన కూర్చుని ఒక్కో గుంత పేరూ చెప్పింది. చదవడం వచ్చాక షెడ్డులో ఉన్న పలకలన్నీ వరసగా చదివాను. ఇన్నేళ్లూ నేను రంగు నింపింది ఒకే ఒక్క వాక్యానికని అప్పుడు తెలిసింది: ఫలానా వారి అమృత హస్తములచే ప్రారంభింపబడినది. ఇంత గొప్ప సాహిత్యానికి అన్నాళ్లు దూరంగా ఉన్నందుకు నాకు పెద్దగా బాధ కలగలేదు.

ఆ మధ్య, ఎండలు ఇంకా ముదరకముందు, నంద్యాల నుంచి ఒక పెద్దమనిషి కారులో మా షెడ్డుకు వచ్చాడు. ఆయన్ని ఊరంతా అన్న అంటుంది, ఆయనకంటే పెద్దవాళ్లు కూడా. ఆయనకు ఒక కల్యాణమండపం ఉంది. దాని పక్కన కొత్తగా ఈతకొలను కట్టించాడు. వెంట కూతురు వచ్చింది. బెంగళూరులో చదువుకుంటూ అక్కడి కాలేజీ తరఫున వాటర్ పోలో ఆడిన పిల్ల. నీళ్లలో ఈదుతూ బంతిని ఎదుటివాళ్ల గోల్లో వేసే ఆట అది.

"ఏందన్నా, ఈసారి ఎవర్ని నిలబెడతాండావ్?" అన్నాడు మా ఆయన.

"నన్నడగొద్దప్పా, మా పాపనడుగు. యాడో సెర్బియా అంట. ఆ దేశంలో పెద్ద ఆటగాడంట. ఆయప్ప బొమ్మ గేటు కాడ ఉండాల్నంట."

"ఆయనది మన పార్టీనేనా?"

"మనదీ కాదు, వాళ్లదీ కాదు. అదొక్కటే నిమ్మళం."

ఆ పిల్ల ఫోనులో ఫోటోలు చూపించింది. అన్నీ ఒకటే తీరు. నీళ్లలోంచి రొమ్ము దాకా పైకి లేచిన మనిషి, తలకు చెవులు కప్పే టోపీ, గడ్డం కింద దాని నాడాలు. మా ఆయన అటూ ఇటూ జరిపి చూశాడు.

"నడుం కింద యాడమ్మా?"

"నీళ్లు పెదనాయనా."

"నీళ్లు సరే. నేను దేని మీద నిలబెట్టాల?"

"ఆయన దేని మీదా నిలబడడు. ఆ ఆటలో కాలు అడుగుకి ఆనకూడదు. ఆట అయ్యేంతవరకూ నీళ్లు తన్నుకుంటానే తేలాల. పట్టుకుంటారు, ముంచుతారు, కింద మోకాళ్లతో పొడుస్తారు. రెఫరీకి పైనుంచి ఏం కనపడదు."

"పైన నవ్వుతా కింద తన్నుకుండేదా?" అన్నాడు మా ఆయన. "దీనికి సెర్బియా దాకా పోవాల్నా పాపా?"

అలా రొమ్ము దాకా చెక్కడం ఖాయమైంది. బంతి పట్టుకుని చెయ్యి పైకెత్తినట్టు ఉండాలని పిల్ల కోరిక. అన్న ఒప్పుకోలేదు. "చెయ్యి పెడితే పిల్లోళ్లు పట్టుకోని ఊగుతారు, ఇరుగుతాది. చెయ్యొద్దు, బంతి ముందర పెట్టు" అన్నాడు. తిరుగులేని మాట. ప్రపంచంలోకెల్లా గొప్పగా బంతి విసిరే చెయ్యి ఆ విధంగా నంద్యాల పిల్లల చేతుల్లో విరగకుండా బయటపడింది.

రాయి రూపానికి వచ్చేదాకా ఆ పిల్ల నాలుగు రోజులకోసారి బస్సులో వచ్చేది. నేను సానరాయితో భుజాలు రుద్దుతుంటే పక్కన కూర్చుని ఆ భుజాల కథ చెప్పేది. అన్న ఆమెకు ఒక గడువు పెట్టాడని అప్పుడే తెలిసింది. ఎండాకాలం అయ్యేలోపు జట్టుకు కావలసిన ఏడుగురు ఆడపిల్లలు చేరాలి. చేరకపోతే కొలను పూడ్చి కల్యాణమండపానికి కార్ల పార్కింగు చేస్తాడు.

"పెండ్లికొచ్చేటోళ్లు కార్లు యాడ పెట్టుకోవాల పెద్దమ్మా? అదీ మా నాయన బాధ" అంది ఆ పిల్ల. "బొమ్మ చూసైనా జనం ఆగుతారు. ఆగితే అడుగుతారు. అడిగితే నేను చెప్తా. కింద పలక మీద ఆయన సంగతి రాయాల. నువ్వే రాయి."

"నేనేం రాస్తానే? కాలేజీ సదివినదానివి నువ్వు రాయి."

"నేను రాస్తే ఇంగ్లీషు వాసన వస్తాది. నీకు చెప్పింది నువ్వు రాయి, సాలు."

ఎవరైనా నన్ను రాయమనడం అదే మొదలు. పంచాయతీలో సంతకం పెట్టమన్నారు గానీ రాయమని ఎవరూ అనలేదు. వారం రోజులు కొట్టివేతలతో కుస్తీ పట్టి ఇది రాశాను:

"ఈయనది సెర్బియా దేశం. పెద్ద నది ఒడ్డున ఊరు. చిన్నప్పుడు దగ్గు పోతుందని తల్లి ఈతకు పంపింది. పొడుగు చూసి గోలు కాయమన్నారు. ఎడమచేతి వాటం చూసి ముందుకు తెచ్చారు. బతుకుతెరువుకు ఇటలీ పోయి అక్కడి జట్లకు ఆడాడు. ఆటలో ముక్కు విరిగింది. కట్టు విప్పక ముందే నీళ్లలో దిగాడు. ఒలింపిక్స్‌లో ఒకసారి ఓడి ఏడ్చాడు. తర్వాత బంగారు పతకం గెలిచి మళ్లీ ఏడ్చాడు. ఇప్పుడు తన ఊళ్లో పిల్లలకు నేర్పుతున్నాడు. ఈ ఆటలో కాలు నేలకు ఆనకూడదు. ఇన్నేళ్లూ ఆయన ఆనించలేదు."

పిల్లకు నచ్చింది. మా ఆయన రెండుసార్లు చదివి, "ఏడుపు రెండుసార్లు వచ్చిందే" అన్నాడు. రెండుసార్లు ఏడ్చాడు గనక రెండుసార్లు వచ్చిందని చెప్పాను.

తర్వాత ఆ కాగితం అన్న చేతికి పోయింది. ఆయన మంచివాడు, ఒక్క మాట కూడా బాగాలేదనలేదు. అయితే ప్రారంభించే నాయకుడి పేరు పెట్టకపోతే మర్యాద కాదన్నాడు. దానికోసం నా రాతలోంచి ఇటలీ పోయింది. ముఖ్య అతిథి కోసం ముక్కు పోయింది. గౌరవ అతిథులు వచ్చి ఒలింపిక్స్‌ను పక్కకు జరిపారు. స్థలదాత, అంటే అన్న. నిర్మాణదాత, అంటే అన్న భార్య. పర్యవేక్షణ, అంటే అన్న తమ్ముడు. చివరికి పలక అడుగున "ప్రముఖ క్రీడాకారుడు" అన్న రెండు మాటలు మిగిలాయి. ప్రారంభానికి ముందురోజు, బామ్మర్ది పేరు మర్చిపోయామని ఫోను వచ్చింది. ఆ రెండు మాటలూ పోయాయి. నేను అన్ని గుంతల్లోనూ రంగు శ్రద్ధగా నింపాను. అలవాటైన సాహిత్యమే కదా.

ప్రారంభం ఘనంగా జరిగిందని పేపర్లో వచ్చింది. ఫోటోలో బొమ్మ తప్ప అందరూ కనిపించారు.

తర్వాత నెల గడిచినా కొలనులో పిల్లలు లేరు. నంద్యాల ఎండ మామూలు ఎండ కాదు, గేదెలు కూడా కాలువ వదిలి బయటికి రావు. అలాంటి రోజుల్లో నీలంగా మెరిసే కొలనును ఊరు ఊరంతా ముఖం తిప్పుకుని దాటిపోతోంది. ఫీజు తగ్గించారు. మైకు పెట్టి ఆటో తిప్పారు. ముగ్గురు చేరి, నాలుగు రోజులకు ముగ్గురూ మానేశారు. ఎందుకని అడిగితే తల్లులు ఏదో పని చెప్పి తప్పుకున్నారట.

పలకలో ఒకచోట రంగు పెచ్చులు లేచిందని, చిన్న డబ్బా, కుంచె పట్టుకుని నేను నంద్యాల పోయాను. బొమ్మ కింద కూర్చుని బామ్మర్దిగారి పేరు బాగుచేస్తుండగా ఇద్దరు ఆడవాళ్లు పిల్లలతో వచ్చి గేటు దగ్గర ఆగారు.

"ఎవరే ఈయన?"

"ఈ నీళ్లలోనే పడి పోయినాయన. సూడు, దవడ కట్టినారు."

నేను తలెత్తి చూశాను. టోపీ, చెవుల మీదుగా వచ్చి గడ్డం కింద ముడి పడిన నాడా. మా ఆయన ఆ ముడి చెక్కడానికే రెండు రోజులు కూర్చున్నాడు. ఎవరింట్లోనైనా మనిషి పోతే నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి గుడ్డ కట్టేది సరిగ్గా అలాగే. ఫోటోలు చూసీ చూసీ మా కంటికి అది టోపీగానే ఉండిపోయింది. పైగా రొమ్ము దాకా బొమ్మ. మా ప్రాంతంలో చెయ్యెత్తి నిలబడిన బొమ్మయితే నాయకుడు. రొమ్ము దాకా ఉన్నవాడు పోయినవాడు, చేను గట్టున కొడుకులు పెట్టిస్తారు.

"ముందర టెంకాయ గూడా పెట్టినారు" అంది రెండో ఆమె, బంతిని చూసి.

"ఓనరుకు దగ్గరోడే అయ్యుంటాడు. పలక నిండా ఇంటోళ్ల పేర్లే ఉండాయి సూడు, పాపం."

"ముక్కులో దూది పెట్టలేదేమే?"

"పెట్టే ఉంటారు. రాయి గదా, కనపడదు. పద పద, మనిషి పోయిన నీళ్లు. ఆడపిల్లని దింపుతామా?"

"అమ్మా, ఈయన పోలేదు, బతికే ఉండాడు" అన్నాను.

ఆమె నా చేతిలో కుంచెనూ నన్నూ జాలిగా చూసింది. "నీకు ఏమైతాడు పెద్దమ్మా?" అంది.

తిరుగు బస్సులో పక్క సీటు వాళ్ల మాటలు వింటే చనిపోయింది కొలను కట్టిన ఇంజనీరని తేలింది. ఆత్మకూరు బస్సులో ఆయన ఈత మాస్టరట. అవుకు వైపు పోయేసరికి కొత్త పెళ్లికొడుకు అయ్యాడట. పక్కనే కల్యాణమండపం ఉంది కాబట్టి అది కూడా కుదిరింది. ఒలింపిక్స్‌లో ఎవరూ ముంచలేకపోయిన మనిషిని మా జిల్లా బస్సులు రోజుకొక రకంగా ముంచుతున్నాయి.

మర్నాడు మా ఆయనా నేనూ కలిసి పోయి అన్నకు సంగతి చెప్పాం. ఆ పిల్ల మెట్ల మీద కూలబడిపోయింది. అన్న మాత్రం వెంటనే తేల్చేశాడు.

"నాడా కొట్టేయప్పా."

"నాడా కొడితే గడ్డం గూడా వస్తాదన్నా. ఒకటే రాయి."

"అట్లయితే బొమ్మ తీసేద్దాం. కొలనూ వద్దు. పార్కింగే చేస్తా."

"ఎండాకాలం ఇంకా ఉండాది నాయనా!" అంది పిల్ల.

నేను కొంగు ముడిలో దాచుకున్న నా చిత్తు కాగితం తీశాను. "ఎవరో తెలీకనే గదన్నా చంపేసినారు. ఎవరో రాస్తే సరిపాయె."

"యాడ రాస్తావమ్మా? పలక నిండిపోయింది."

"పేర్లు తీసేయ్ నాయనా" అంది పిల్ల.

అన్న ముఖం చూడాలి. ముఖ్య అతిథిని తీస్తే రేపు పనులు ఆగుతాయి. గౌరవ అతిథులను తీస్తే గొడవలు లేస్తాయి. బామ్మర్దిని తీస్తే ఇంట్లో అన్నం పుట్టదు. సెర్బియా మనిషి అయితే అలిగి వచ్చి గేటు ముందు కూర్చోడు, అదొక్కటే ఆయనలోని లోపం.

"పలకకు రెండో పక్క గూడా ఉంటాదన్నా" అన్నాడు మా ఆయన. "ఊడదీసి, ఎనక గోడకు జానెడు సందు ఇడిసి తిప్పి పెడతా. పేర్లు పేర్ల మాదిరే ఉంటాయి, గోడ దిక్కు. ఈ పక్క రాతలు చెక్కుతా."

అన్న లెక్క వేసుకున్నాడు. పేర్లు చెరగవు, ఎవరైనా అడిగితే ఉన్నాయని ప్రమాణం చేయొచ్చు, కావాలంటే టార్చిలైటు వేసి చూపించొచ్చు. ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "మొదటి మాట, బతికే ఉన్నాడని రాయి."

ఎంత బతిమాలినా వినలేదు. నది ఒడ్డున మొదలుపెట్టిన నా రచన అలా పోలీసు రిపోర్టులా మొదలైంది: "ఈయన బతికే ఉన్నారు. ఈ నీళ్లలో ఎవరూ పోలేదు. తలకు ఉన్నది ఆట టోపీ. ముందు ఉన్నది బంతి." ఆ తర్వాతే సెర్బియా, దగ్గు, ఇటలీ, ముక్కు. రెండు ఏడుపులూ ఉంచాను. మా ఆయన చెక్కాడు, నేను రంగు నింపాను. ఈసారి పొర్లనివ్వలేదు.

పలక తిప్పిపెట్టిన రోజు నేను గేటు దగ్గరే ఉన్నాను. జనం ఆగి పైకి చదివారు.

"బతికే ఉండాడంట."

"మరి దవడ ఎందుకు కట్టినారు?"

"టోపీ అంటే! సదువు సరిగ్గా."

"తల్లి దగ్గుకని పంపిందంట సూడు. మా దానిక్కూడా ఎప్పుడూ దగ్గే."

ఒలింపిక్స్ బంగారం దగ్గర ఒక్కరూ ఆగలేదు. దగ్గు దగ్గర అందరూ ఆగారు. ఆ వారమే నలుగురు దగ్గే ఆడపిల్లలు చేరారు. మానేసిన ముగ్గురూ తిరిగి వచ్చారు. వాళ్లకు దగ్గు లేదు గానీ లోపల నవ్వులు వినిపిస్తుంటే ఇంట్లో నిలవలేదట. ఎండాకాలం చివరికి కొలనులో ఏడు టోపీలు తేలుతున్నాయి. ఏడింటికీ గడ్డం కింద నాడాలు. తల్లులు గట్టు మీద కూర్చుని ముడి గట్టిగా ఉందో లేదో చూసి బిగిస్తున్నారు.

మొదటి పోటీ కర్నూలులో పెట్టారు. అన్న గెలుపుకోసం ముందే ఒక పెద్ద పూలదండ చెప్పి ఉంచాడు, మెడలో వేస్తే మోకాళ్ల దాకా వస్తుంది. మా పిల్లలు ఓడిపోయారు. కొద్దిగా కాదు, చక్కగా, ఎక్కడా అనుమానానికి చోటు లేకుండా ఓడిపోయారు. కానీ ఎవరి కాలూ నేలకు ఆనలేదని అన్న కూతురు బస్సు దిగుతూనే చెప్పింది. ఆ ఏడుగురూ అప్పటికే రెండో పోటీ గురించి కొట్లాడుకుంటున్నారు.

దండ మాత్రం మిగిలిపోయింది. పాడుచేయడం ఇష్టంలేక అన్న దాన్ని ఎత్తుకుని బొమ్మ వైపు నడిచాడు.

"వద్దన్నా!" ఏడుగురూ ఒక్కసారి అరిచారు.

"దండేస్తే మళ్లీ సచ్చిపోతాడన్నా" అన్నాను నేను. "ఇప్పుడే గదా బతికిచ్చుకున్యాం."

అన్న దండతో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎక్కడో ఒకచోట వేయాలి కదా. బొమ్మ వెనక్కి పోయి, గోడకూ పలకకూ మధ్య సందులో చెయ్యి దూర్చి, తన పేరు ఉన్న వైపు తగిలించి వచ్చాడు. తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

ఈసారి ఎవరూ అరవలేదు.