మేం కొలిచిన తిన్నెలు

నేను టౌన్ ప్లానింగ్ చదువుకొని తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో చేరిన కొత్తలో, సత్యవేడు వైపున్న ఒక చిన్న పట్టణంలో వీధుల ప్లాను గీసే పని మాకు వచ్చింది. వీధివాళ్ల అభిప్రాయం తీసుకున్నట్టు ఫైల్లో కాగితం ఉండాలి. అందుకే నన్ను పంపారు. నేను మాత్రం ఆ అభిప్రాయాన్ని నిజంగానే నమ్మి బస్సెక్కాను.

మొదటి మీటింగు బడి వరండాలో పెట్టాం. తొమ్మిది మంది వచ్చారు, అందరూ పెద్దవయసు మగవాళ్లే. గంటసేపు ఒకే మాట. "వానొస్తే నీళ్లు ఇండ్లలోకే వస్తాండాయి. ముందు కాలవ ఏపించండి." రాసుకున్నాను.

కుర్చీలు మడుస్తుంటే గేటు దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోందట.

"అక్కా, మమ్మల్ని అడగరా?"

"మీరేం చెప్తారు?"

"వీధిలో ఎవురు యాడ కూసుంటారో, ఎవురికి యాడ నిలబడేదానికి చోటు లేదో వాళ్లు చెప్పలేదు గదా."

తర్వాతి ఆదివారం ఆమె ఏడుగురు స్నేహితులను తీసుకొచ్చింది. నాలుగు చార్టులు ఒకదానికొకటి అంటించి, టేపు పట్టుకొని వీధి మొత్తం కొలిచాం. మిగతావాళ్లు కరెంటు స్తంభాలు, కొళాయిలు రాస్తుంటే, ఈ అమ్మాయి తిన్నెలు రాయాలంది. ఇంటి ముందు అరుగును ఆ వైపు తిన్నె అంటారు. ఆ వీధిలో చాలా ఇళ్లకు ఉన్నాయి. పొద్దున పాలకోసం వచ్చినవాళ్లు కూర్చునేది అక్కడే, మధ్యాహ్నం ఆడవాళ్లు పూలు కట్టేది అక్కడే, సాయంత్రం పిల్లలు ట్యూషన్ చదివేది అక్కడే. ఏ తిన్నె మీద ఏ వేళ ఎవరుంటారో రెండు వారాలపాటు చూసి రాసింది. ప్రతి తిన్నెకూ పొడవు, వెడల్పు వేసి ఎర్ర పెన్సిలుతో రంగు నింపింది.

ఆమె ఇంటి తిన్నె దగ్గరికొచ్చేసరికి వాళ్ల అవ్వ పూలు కడుతోంది.

"దీన్ని కొలిసి ఏం జేస్తారే?"

అమ్మాయి నా వైపు చూసింది. నేనే జవాబు చెప్పాను. "మీరు కూర్చునే చోటు ప్లానులో ఉంటే, రేపు ఎవరు ఏ పని మొదలుపెట్టినా దీన్ని చూసుకొనే చేస్తారవ్వా."

"అట్లయితే సరిగ్గా కొలవండి," అని ఆమె పూలబుట్ట పక్కకు జరిపింది. టేపు వదులైందని అమ్మాయి రెండోసారి కొలిచింది. "రెండడుగుల పది అంగుళాలు కాదక్కా, పదకొండు."

చార్టును బడి గోడకు తగిలించిన రోజు వీధి వీధంతా వచ్చింది. ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కున్నారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన రేషన్ షాపు దారిలో వేలు పెట్టి, "ఈ రొండు తిన్నెల మధ్యన దూరం జాస్తి. ఈడొక రాయి ఎయ్యండి," అన్నాడు. పిల్లలు అక్కడ పచ్చ చుక్క పెట్టారు. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు. రిపోర్టుకు ఆ మ్యాపు జతచేసి పంపాను.

వానాకాలం దాటాక అక్కడి మున్సిపల్ ఇంజనీరు రమ్మన్నాడు. బల్లమీద మా మ్యాపు జిరాక్సు ఉంది. పక్కనే పిల్లల కొలతలన్నీ ఇంటి నంబర్ల వరుసలో టైపు చేసిన పట్టిక.

"బాగా సేసినారమ్మా మీ పిల్లలు. కాలవకు రోడ్డు హద్దు దాకా చోటు కావల్ల. ఏ తిన్నె ఎంత ముందుకొచ్చిందో దీంట్లో ఉండాది. మాకు సర్వే పని తప్పింది."

"అవి ఉంచాలని గీసినవి సార్, తీసేయడానికి కాదు."

ఆయన విసుక్కోలేదు. నా రిపోర్టు మొదటి పేజీ తిప్పి చూపించాడు. వీధివాళ్ల కోరికల్లో మొదటిది కాలువ. నేనే రాశాను.

"ఇది గూడా వాళ్లడిగిందే గదమ్మా."

తిన్నెల చోట కాలువ మీద బండలు పరిచి, వాటినే కూర్చునేట్టు కట్టొచ్చని బొమ్మ గీసి చూపించాను. ఎస్టిమేటు అయిపోయిందన్నాడు. మా సంస్థలో మేనేజరుకు చెప్పాను. రిపోర్టు ఇచ్చేశాం, మన పని అంతవరకే అన్నాడు. నేనే ఉత్తరం రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాను. అందినట్టు ముద్ర వేశారు. తర్వాత రెండుసార్లు వెళ్లి అడిగితే, పైకి పంపామన్నారు.

ఒక పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. నేను బస్సు దిగి చేరేసరికి సగం వీధిలో తిన్నెలు పోయాయి. ఒకతను మా మ్యాపు చూసి కొలత చదువుతుంటే, ఇంకొకతను సున్నంతో గీత గీస్తున్నాడు. వెనకాలే తవ్వే మిషను వస్తోంది.

"ఆయప్ప చేతిలో ఉండేది నా రాతేక్కా," అంది అమ్మాయి. "తప్పు కొలిసింటే మిగిలుండునా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.

పక్కింటావిడ డబ్బాలు లోపలికి మోసుకుంటూ, "ఈ పాపే గదా ఇంటింటికీ వచ్చి రాసుకొని పోయింది," అంది, అమ్మాయిని చూపిస్తూ.

"నేనే రాయించాను," అన్నాను. మిషను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. గట్టిగా ఇంకోసారి అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి మళ్లీ అమ్మాయినే చూసింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయే మనిషితో ఆమెకు పనేముంది? ఆ వీధిలో రేపూ ఎల్లుండీ నడవాల్సింది ఆ అమ్మాయి.

అవ్వ గడపలో నిలబడి తన తిన్నె పగలడం చూసింది.

మరుసటి వానలకు నీళ్లు ఇళ్లలోకి రాలేదు. అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒకసారి వెళ్లాను. ఇళ్లకు ఇనుప మెట్లు వేసుకున్నారు. పూలు కట్టేవాళ్లు ఎవరింట్లో వాళ్లు తలుపు వెనక కూర్చుని కడుతున్నారు. పెద్దాయన అడిగిన రాయి ఎవరూ వేయలేదు.

అవ్వ మజ్జిగ ఇచ్చింది. "ఎండన బడి వచ్చినావు, కూసో పాపా," అంది. తిడుతుందేమోనని సిద్ధపడి వెళ్లాను. ఆమె తిట్టలేదు. మనవరాలేదని అడిగితే లోపలికి తొంగిచూసి వచ్చింది.

"పరీక్ష ఉండాదంట. సదువుకుంటా ఉండాది."

"పిలవొద్దులే అవ్వా."

లోపల ఫ్యాను తిరుగుతోంది. గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించాను. ఇంకాసేపు నిలబడి, బస్టాండు వైపు నడిచాను.