అన్న ఎనిమిది బటన్లు, నా లెక్క

మా చిన్నప్పుడు... సెలవొస్తే చాలు, శేరిలింగంపల్లిలోని మా ముందుగదిలో పొద్దున్నుంచీ ఒక చెక్కబొమ్మను చితకబాదే పని నడిచేది. బొమ్మ ఉండేది కంప్యూటర్ స్క్రీన్ మీద. కొట్టేది మా అన్న. పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని అంకెలు లెక్కపెట్టేది నేను.

నాది ఆరో తరగతి. అన్న ఆ ఏడాదే ఇంటర్‌లో లెక్కల పేపర్ తప్పాడు. నెట్‌లో పదిమంది ఒక టీమ్‌గా కూడి రాక్షసుల మీదికి పోయే ఆట అది. అందులో అన్న మంత్రగాడు. చెక్కబొమ్మ ఆ ఆటలోదే, దెబ్బలు సాధన చేసుకోవడానికి.

ఆ ఆటలో మొదటి పదిహేను సెకన్లే ప్రాణం. ఎనిమిది మంత్రాలు, ఎనిమిది బటన్లు... ఏది ముందు నొక్కాలి, ఏది తర్వాత నొక్కాలి, విద్యంతా అందులోనే ఉంది. బలం పెంచే కషాయం ఒకటి ఉండేది. తాగితే పది సెకన్లపాటు ప్రతి దెబ్బా రెట్టింపు. మొదటే తాగేస్తే సగం వృథా. నిప్పుముద్ద విసిరి, అది పోయి తగిలేలోపు కషాయం తాగాలని కనిపెట్టడానికి మా ఇద్దరికీ రెండు వారాలు పట్టింది. అన్న పాత రికార్డు పుస్తకం వెనక పేజీలన్నీ ఆ వరసలే... కొట్టివేతలే.

ఇక మా నెట్ సంగతి చెప్పక్కర్లేదు. బటన్ నొక్కిన అర సెకనుకు గానీ మంత్రం పడేది కాదు. స్క్రీన్ చూసి నొక్కితే అంతా ఆలస్యమే. అందుకని ఒక మంత్రం పూర్తికాక ముందే రెండోదాని బటన్ నొక్కెయ్యాలి. ఆ తొందర లెక్క నాది. అన్న స్క్రీన్‌ని వదిలేసి నా గొంతు వినేవాడు. ఒకటి... రెండు... కషాయం... నాలుగు...

"ఏందే గా లెక్క, ఇద్దరు కలిసి కారం దంచుతున్నరా?" అనేది అమ్మ వంటింట్లోంచి.

నాకు మాత్రం మహా గర్వంగా ఉండేది. ఇంట్లో నా మాట వినే మనిషి అన్న ఒక్కడే.

అప్పుడే ఒక మంచి టీమ్‌లో ఒక్క చోటు ఖాళీ అయింది. ఆ టీమ్‌కి పెద్దగా ఉన్నాయనది విశాఖపట్నం వైపు. ఆయన్ని మేమెప్పుడూ చూడలేదు, స్పీకర్లో గొంతు వినడమే. ఆదివారం మధ్యాహ్నం తన కళ్ళ ముందు చెక్కబొమ్మను కొట్టాలన్నాడు. పదిహేను సెకన్లలో దెబ్బల మొత్తం లక్ష దాటితే చోటు మనదే. ఇంట్లో మాకు లక్షా రెండు వేలు పడేది.

పేపర్ తప్పినప్పటినుంచీ చుట్టాలెవరైనా వస్తే అన్న పెరట్లోకి వెళ్ళి నిలబడేవాడు. "ఒక్కకాడన్న నన్ను పనికొస్తడనాలెనే," అన్నాడు నాతో ఒకరోజు.

అన్న స్నేహితుడు కిరణ్ వాళ్ళది కాకినాడ. తెల్లాపూర్‌లో గేటున్న పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండేవారు. "మా ఇంట్లో నెట్ బాగా స్పీడురా, వచ్చి ఇక్కడే ఆడు," అన్నాడు. నెట్ బాగుంటే దెబ్బ ఇంకా పెరుగుతుందనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ ఆదివారం అక్కడికే వెళ్ళాం. అన్న కూర్చున్నాడు. నేను ఇంట్లో చెప్పినట్టే లెక్క మొదలుపెట్టాను. రెండో బటన్‌కే స్క్రీన్ మీద ఎర్రక్షరాలు... మంత్రం ఇంకా సిద్ధంగా లేదని. అక్కడ నొక్కింది నొక్కినట్టు అందుతోంది మరి. మా తొందర లెక్కకి సగం మంత్రాలు పడనే లేదు. కషాయం దండగైంది. డెబ్బై వేలు కూడా రాలేదు.

"పర్లేదండి. ఓ పది నిమిషాలు చూసుకుని మళ్ళీ కొట్టండి," అన్నాడు టీమ్ పెద్ద మర్యాదగానే.

నాకు నోరెండిపోయి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. కిరణ్ వాళ్ళమ్మగారు చేతిలో పూతరేకు పెట్టి మాటల్లో దించారు. నేను తిరిగొచ్చేసరికి రెండోసారి కొట్టే వేళైంది. అన్న నావైపు చూసి తలూపాడు. నేను మళ్ళీ "ఒకటి" అన్నాను. అదే లెక్క... అవే ఎర్రక్షరాలు. చోటు వేరేవాళ్ళకి పోయింది.

ఇంటికొస్తుంటే బస్సులో అడిగాను, "నా లెక్క తప్పిందా అన్నా?" అని.

"నీ లెక్క కరెక్టే. వాళ్ళ నెట్టే జర జల్ది ఉంది. ఫికర్ చేయకు," అన్నాడు.

నెల తిరక్కుండానే ఆట మానేశాడు. విసుగొచ్చిందేమో అనుకున్నాను. నేనూ మర్చిపోయాను.

మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర కిరణ్ కనిపించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆ ఆదివారం సంగతి వచ్చింది.

"నీకు తెలీదేమో, నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు, ఆ టీమ్ పెద్ద చూడకుండా, మీ అన్నయ్య ఒక్కడే కొట్టి చూశాడు. స్క్రీన్ చూసుకుంటూ, నెమ్మదిగా. లక్షా పదివేలు దాటింది. చెల్లిని మా అమ్మ దగ్గరే కూర్చోబెడతాను, ఈలోపు కానిచ్చెయ్‌రా అన్నాను. వింటేనా... 'వద్దుర, అది లెక్కపెట్టనీకనే గింత దూరం వచ్చింది' అన్నాడు."

నేను టీ తాగలేకపోయాను. నలుగురిలో ఏడుపొచ్చేసింది.

సాయంత్రం అన్నకి ఫోన్ చేశాను. "గంత పాత ముచ్చట నాకేడ యాదుంటది? పిల్లలు తిన్నరా?" అన్నాడు.

ఇప్పుడు ఆ వరసలన్నీ వీడియోల్లో దొరుకుతున్నాయి. ఎప్పుడు ఏది నొక్కాలో ఆటే వెలిగించి చూపిస్తోంది. పక్కన కూర్చుని లెక్కపెట్టే మనిషితో పని లేదు... మంచిదే, కాదనను.

తప్పని తెలిసి కూడా మీ లెక్కను చివరిదాకా విన్నవాళ్ళు మీకెవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ చెప్పండి... నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.