కదలని గొడుగు

ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసే గదిలో ఆవిడ నిలబడే చోట నేల నున్నగా అరిగిపోయింది. ఏళ్ల తరబడి అక్కడే నిలబడి దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది మరి. పడుకున్న రోగి ఒంటికి మడత ఒత్తుకోకూడదని అంచుల్ని ఇంకోసారి లాగి సాపు చేసేది. అంత శ్రద్ధ దేనికని తోటివాళ్లు నవ్వితే, "పైవాడు చూస్తున్నాడుగా" అనేది.

పొద్దంతా ఒక్కచోట నిలబడగలిగిన ఆ మనిషికి, కూతురి విషయానికి వచ్చేసరికి మాత్రం కాళ్లు నిలిచేవి కావు. బడికి వెళ్తే వెనకాలే, కొట్టుకు వెళ్తే వెనకాలే. ఎండైనా వానైనా చేతిలో ఎర్ర గొడుగు. అందుకే వీధిలో అందరికీ ఆవిడ గొడుగమ్మ అయింది.

"గొడుగమ్మా, అమ్మాయి అటు వెళ్లింది, నువ్వింకా ఇక్కడే ఉన్నావు. ఒంట్లో బాగాలేదా ఏంటి?" అని కూరగాయలవాడు ఆట పట్టించేవాడు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల, పెద్ద చదువుకొచ్చాక, సర్ఫింగ్ నేర్చుకుంటానని కూర్చుంది. బోర్డు మీద నిలబడి అల మీద జారుకుంటూ రావడమట!

"నాకు ఈత వచ్చు కదమ్మా."

"నాకు రాదే!"

"నువ్వు దిగక్కర్లేదు."

"నువ్వు దిగితే నేను దిగినట్టు కాదూ?"

వారం పాటు ఇంట్లో మాటల్లేవు. ఆ మౌనం భరించలేక తల్లే దిగొచ్చింది. ఆదివారం పొద్దున్నే, ఆడపిల్లలకి మాత్రమే నేర్పే జట్టులో చేర్పించింది. నేర్పేది ఎండకి కమిలిన బుగ్గలు, గట్టి భుజాలు ఉన్న అమ్మాయి. అందరూ అక్కా అనేవాళ్లు. కూతురు దళసరి కళ్లద్దాలు తీసి తల్లి చేతిలో పెట్టి దిగేది కాబట్టి ఆ పిల్లకి అక్క 'జోడు' అని పేరు పెట్టింది.

అక్క చెప్పేవన్నీ తల్లి ఒడ్డున టీ కొట్టు ముందు నిలబడి తనకే చెబుతున్నట్టు వినేది. "బోర్డు జారిపోకుండా కాలితాడు వెనక కాలికే కట్టుకోండి. లేచి నిలబడ్డాక పాదాలు చూసుకోవద్దు, ఎటు వెళ్లాలో అటే చూపు ఉంచండి. మోకాళ్లు వంచండి, నడుం కాదు. పడితే పడండి, సిగ్గేముంది? పడుతూ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోండి, బోర్డు తగలకుండా. చేతులు లాగేస్తే కాసేపు బోర్డు మీద కూర్చోండి, అలలు ఎక్కడికీ పోవు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు మీకు తెలియకుండా పక్కకి లాగేస్తాయి. ఒడ్డున ఒక గుర్తు పెట్టుకుని మాటిమాటికీ చూసుకోండి. మీ గుర్తు అదిగో, ఆ నీళ్ల ట్యాంకు."

ఒక ఆదివారం, ఒడ్డు దగ్గరి నురగ దాటి లోపలి అలల దాకా వెళ్లారు పిల్లలు. కాసేపటికి జోడు ఒక్కతే జట్టునుంచి విడిపోయి, చివరనున్న రాళ్ల వైపు కొట్టుకుపోతోంది. అక్క ఈల వేసింది. వినిపించలేదు. అక్క తన బోర్డు మీద బోర్లా పడుకుని, నీళ్లని చేతులతో చీల్చుకుంటూ వెళ్లి, రాళ్లు ఇంకా కాస్త దూరంలో ఉండగా పిల్లని పట్టుకుంది.

ఒడ్డుకొచ్చాక అక్క బోర్డు ఇసకలో పడేసింది. "గుర్తు చూసుకోమన్నానా లేదా?"

"చూసుకుంటూనే ఉన్నానక్కా. గుర్తు నాకు ఎదురుగానే ఉంది!"

"ట్యాంకు ఎక్కడుందో చూడు!"

"జోడు లేకపోతే ట్యాంకు ఆనదక్కా. ఎర్రగా ఉన్నదొక్కటే ఆనుతుంది. అమ్మ గొడుగు."

అక్క తల తిప్పింది. గొడుగమ్మ పక్కనే నిలబడి రొప్పుతోంది. దూరంగా టీ కొట్టాయన ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాడు.

"చెల్లెమ్మా, కొట్టు దగ్గరే వదిలేసి వచ్చేశారు. రాళ్లు గుచ్చుకుంటాయని తెచ్చాను" అన్నాడు పాపం.

ఆవిడ ఆ చెప్పుల్ని చూసింది. నీళ్లు పిల్లని లాగుతున్నంతసేపూ తను ఒడ్డు వెంట నడుస్తూనే వచ్చిందన్నమాట. తల్లి కదలలేదనుకుని కూతురూ నిశ్చింతగా కొట్టుకుపోయింది. గొడుగమ్మ ఇసకలో కూలబడి పైవాడికి రెండు చేతులూ జోడించింది.

గొడుగు కదలకుండా ఉంటుందని ఇసకలో పాతి చూశారు. గాలికి తిరగబడి దొర్లుకుంటూ పోయింది.

"ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే పిన్నీ. ఏమైనా కదలకూడదు. మీ వల్ల కాదంటే చెప్పండి, తప్పేం లేదు. జోడుని నురగలోనే ఆడుకోమంటాను" అంది అక్క మెత్తగా.

కూతురు కళ్లు చికిలించి తల్లి వైపు చూసింది.

ఆ వారం ఇస్త్రీ గదిలో మొదటిసారి ఒక దుప్పటి మాడింది. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ దాన్ని లాక్కుని, మాడిన మేర కత్తిరించి, మిగతాదాంతో పసిపిల్లలకి పొత్తిగుడ్డలు కుట్టి పెట్టింది.

ఆదివారం వచ్చింది. గొడుగమ్మ టీ కొట్టుకి సూటిగా, అలలు పాదాలకి తగిలే చోట నిలబడింది. టీ కొట్టాయన నిండా పోసిన గ్లాసు తెచ్చి రెండో చేతిలో పెట్టాడు.

"ఇప్పుడెందుకన్నయ్యా?"

"తాగడానిక్కాదు, పట్టుకోవడానికి. ఒలికిందో, ఊరుకునేది లేదు!"

పిల్లలు లోపలికి వెళ్లారు. ఎవరు ఎవరో తెలియదు, నల్లటి చుక్కలు. వాటిలో ఒకటి మెల్లగా విడివడింది. రాళ్ల వైపే. గొడుగమ్మ మడమ లేచింది. గ్లాసులో టీ అంచు దాకా ఊగి వేళ్లు చురుక్కుమన్నాయి. మడమ దించింది. దేవుడా, అక్కడ నువ్వుండు, ఇక్కడ నేనుంటాను. చుక్క ఇంకా జరిగింది. పిలవాలని నోరు తెరిచి మూసుకుంది. గొడుగుని ఇంకాస్త పైకెత్తింది. చెయ్యి తిమ్మిరెక్కింది. రాళ్ల మీద విరిగే నీళ్ల చప్పుడొక్కటే చెవుల్లో.

చుక్క ఆగింది. తల ఎత్తింది కాబోలు. గొడుగు ఎదురుగా లేదు, ఎక్కడో పక్కన ఉంది. చుక్క అడ్డంగా తిరిగింది. చేతులు ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ ఆడుతున్నాయి. అక్క దూరం నుంచి చూస్తోందే గాని దగ్గరికి వెళ్లలేదు. ఎంతసేపు పట్టిందో గాని, ఆ చుక్క గొడుగుకి సూటిగా వచ్చి నిలిచింది.

ఆ రోజు జోడు ఒక్క అల మీదా నిలబడలేకపోయింది. మూడొంతులు ఓపిక వెనక్కి రావడానికే అయిపోయింది. బోర్డు ఈడ్చుకుంటూ నీళ్లలోంచి నడిచొచ్చింది.

"రావే తల్లీ, ఇటు రా" అంది గొడుగమ్మ. తను మాత్రం అడుగు వెయ్యలేదు.

"ఇంక కదలొచ్చమ్మా!"

"కదలడానికి కాళ్లు రావాలిగా!"

వచ్చే అల, పోయే అల కింది ఇసకని తోడేసి, పాదాలు చీలమండల దాకా కూరుకుపోయాయి. టీ కొట్టాయన ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగారు. చల్లారిపోయిన టీ ఆవిడ అక్కడే గుటగుటా తాగేసి, గ్లాసు ఇచ్చేసి, కొంగున ముడేసుకున్న కళ్లద్దాలు విప్పి, తుడిచి కూతురి ముఖానికి పెట్టింది.