చుక్కలు కలిపిన గీత

ప్రాంతీయ రవాణా ప్రణాళిక కార్యాలయంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన చుక్కలాయన. పటాలు గీయడం ఆయన ఉద్యోగం. పటంలో ఉన్న రోడ్డుకి నిండు గీత, కట్టబోయే రోడ్డుకి చుక్కల గీత. ఇక ఆ కార్యాలయం కట్టబోయేవాటిదే తప్ప కట్టినవాటిది కాదాయె! అందుకే ఆయన చేతి కింద పుట్టినవన్నీ చుక్కలే. "జనానికి పట్టపగలే చుక్కలు చూపించే ఉద్యోగం మనది" అని పక్క సీటు గుమాస్తా అంటే, అందరితోపాటు ఆయనా నవ్వేవాడు.

నవ్వక ఏం చేస్తాడు పాపం? చేరిన కొత్తలో సిరా కలంతో గీసేవాడు, తర్వాత కంప్యూటరు వచ్చింది. పనిముట్లు మారాయి గానీ చుక్కలు మారలేదు. రైలు గేటు మీద పైవంతెన ఒక ప్రణాళికలో చుక్కలు, తర్వాతి ప్రణాళికలోనూ చుక్కలే. ఎన్నికలొస్తే ఆ చుక్కలు కాస్త లావయ్యేవి, అయిపోగానే చిక్కిపోయేవి. ఆయన పెళ్ళి సంగతీ అంతే. సంబంధాలు వచ్చినట్టే వచ్చి ఆగిపోయాయి. "మావాడి పెళ్ళికి కూడా నిధులు మంజూరు కాలేదు" అని వాళ్ళ అక్క ఎగతాళి చేసేది.

ఆ అక్కే ఆయనకి తల్లీ తండ్రీ. అమ్మ పోయాక ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి తమ్ముణ్ణి పటాలు గీసే చదువు చదివించింది. ఇప్పుడామె ఏటికి అవతల ఉంటుంది, భర్తతో. వాళ్ళ వాకిట్లో నిలబడితే ఇవతల పట్నంలోని పెద్దాసుపత్రి కిటికీలు కూడా కనిపిస్తాయి. కనిపించి ఏం లాభం? మధ్యలో ఏరుంది. నీళ్ళు తగ్గినప్పుడు పడవ నడుస్తుంది. వానలు పడితే పడవ కట్టేస్తారు, అప్పుడు ఎక్కడో ఎగువనున్న పాత వంతెన దాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. ఆ రోడ్డు రోడ్డూ కాదు, గుంటల మధ్య అక్కడక్కడా మిగిలిన తారు.

బావకి ఊపిరి జబ్బు. రంపపు మిల్లులో ఏళ్ళ తరబడి పొట్టు పీల్చి పీల్చి ఛాతీ పాడుచేసుకున్నాడు. ఉన్నట్టుండి ఊపిరాడదు, పెదాలు నల్లబడతాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళి గాలిగొట్టం పెడితే గంటలో మామూలు మనిషై, నర్సులతో జోకులేస్తూ కూర్చుంటాడు. అంటే ఆయన ప్రాణం ఎంత తొందరగా ఏరు దాటగలడన్న దానిమీదే ఉంది. అవతలివాళ్ళకి వంతెన కావాలని చుక్కలాయన ఉద్యోగంలో చేరకముందు నుంచే అర్జీలున్నాయి. ప్రతి ప్రణాళికలోనూ అదే చోట ఆయనే స్వయంగా చుక్కలు పెట్టేవాడు.

అక్క వాటిని టాకాలు అనేది. గుడ్డ ముక్కలు కదలకుండా ముందు చేత్తో దూరదూరంగా వేసే కుట్లన్నమాట, మిషను కుట్టు పడ్డాక పీకేస్తారు.

"ఒరేయ్, ఎన్నాళ్ళురా ఈ టాకాలు? మిషనెక్కించేదుందా లేదా? ఆ చుక్కలేవో కలిపెయ్యరాదూ, ఓ పనైపోతుంది!"

"నేను కలిపితే వంతెన వచ్చేస్తుందా అక్కా?"

"మీ సార్లు చుక్కలుగా ఉంచితే మాత్రం వచ్చిందా?" అనేది సూదిలో దారం ఎక్కిస్తూ.

బావ మంచం మీద నుంచే నవ్వేవాడు. నవ్వు దగ్గులోకి దిగేది.

కొత్త ప్రణాళిక తయారవుతున్న రోజుల్లో పెద్దసారు చుక్కలాయన్ని తన గదిలోకి పిలిచాడు. ఎన్నడూ లేనిది, కూర్చోమన్నాడు.

"మీ అక్కగారి ఊరి వంతెన గురించి పైవాళ్ళతో మాట్లాడానండీ. ఈసారి డబ్బు వచ్చినట్టే."

ఆ కార్యాలయంలో ఈ మాటకి అర్థం అటెండరుకి కూడా తెలుసు. వచ్చినట్టే అంటే రానట్టే. అయినట్టే అంటే కానట్టే. ఆ మాటతో జీవితమంతా కాపురం చేసిన మనిషి చుక్కలాయన. కానీ ఆ వారమే బావ రెండుసార్లు ఆసుపత్రికెళ్ళొచ్చాడు, రెండోసారి పడవలోనే తెలివి తప్పాడు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకోడూ? ఈయన ఆ మాట పట్టుకున్నాడు. సాయంత్రం అందరూ లేచి వెళ్ళాక పటం తెరిచి, ఏటి మీది చుక్కల్ని నిండు గీత చేశాడు. ఎంతసేపు, మీట నొక్కినంతసేపు. పటం అచ్చయి వచ్చేసరికి అక్కడ పని మొదలై ఉంటుందిలే అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క గీత తప్పు గీయలేదు, అందుకే ఎవరూ సరిచూడలేదు.

అచ్చయిన పటం ఒకటి తీసుకెళ్ళి అక్కకిచ్చాడు. ఆమె దాన్ని మిషను పైన గోడకి అంటించింది. బావ లేచి వచ్చి, ఇంటి దగ్గర వేలు పెట్టి, గీత మీదుగా పట్నం దాకా జరిపాడు.

"ఇదిగో బావమరిదీ, నడిచొచ్చేశా. ఆయాసం కూడా రాలేదు చూడు!"

ముగ్గురూ ఎంత నవ్వారని! చుక్కలాయన జీవితంలో అంత సంతోషంగా ఉన్న పూట మరొకటి లేదు. అది చెప్పుకోవాలి, తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి.

నిధుల సమావేశంలో పటాలు విప్పి చూపించే పని ఆయనదే. బల్ల చుట్టూ ఖజానా నుంచి వచ్చిన అధికారులు. ఏటి వంతెన వంతు వచ్చింది. అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని పటం మీదకి వంగాడు.

"ఇక్కడ వంతెన ఉందిగా. పక్కనే ఇంకోటి ఎందుకు?"

పెద్దసారు పటం చూశాడు. చుక్కలాయన్ని చూశాడు. పెద్దసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మెదపలేదు, కింద ఉన్న మొదటి సంతకం తనదే మరి.

"లేదండీ," అన్నాడు చుక్కలాయన. గొంతు ఆయనకే వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "అక్కడ వంతెన లేదండీ. అవి చుక్కలు. నేనే కలిపేశాను. పొరపాటు నాది."

అధ్యక్షుడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పాపం, పెద్దాయన," అని మెత్తగా అన్నాడు. "కానీ మంత్రిగారి సంతకమైన పటం ఇది. ఉన్న వంతెనని లేదని మేమెలా రాస్తాం? సవరణ వచ్చే ప్రణాళికలో చూసుకోండి."

ఆ డబ్బు పట్నం చుట్టూ ఉన్న రోడ్డుని ఇంకొంచెం వెడల్పు చేయడానికి పోయింది. ఆ రోడ్డు అంతకుముందే వెడల్పు. చుక్కలాయన పెద్దసారు గది చుట్టూ తిరిగాడు, కనీసం పటమైనా మార్చనివ్వమని. సంతకాలయ్యాక పటానికి తాళం పడింది, ఆయన మీట నొక్కితే ఇప్పుడు కదలదు.

"అయినట్టేనండీ, కాస్త ఓపిక పట్టండి," అన్నాడు పెద్దసారు. ఛీ, ఆ నోటికి ఆ మాట తప్ప ఇంకోటి రాదు!

ఈలోగా కొత్త పటం ఊరంతా పాకింది. బస్సులవాళ్ళూ, తపాలావాళ్ళూ, అంబులెన్సువాళ్ళూ దాన్నే తమ యంత్రాల్లో ఎక్కించుకున్నారు. మూడు రోజులుగా ఎడతెరిపి లేని వాన. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"మీ బావకి ఊపిరాడట్లేదురా. అంబులెన్సుకి చేశాను. వంతెన మీదుగా పది నిమిషాల్లో వచ్చేస్తామన్నారు. ఏ వంతెనరా? ఎప్పుడు కట్టారు?"

ఆయన సీట్లోంచి లేచి గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తాడు. ఏటి ఒడ్డుకి చేరేసరికి అంబులెన్సు అక్కడ ఆగి ఉంది, ముందు చక్రాలు బురదలో దిగబడి. డ్రైవరు వానలో నిలబడి చేతిలో ఫోను చూపిస్తున్నాడు.

"ఇదిగోనండీ, ఇక్కడే ఉంది వంతెన. ఏదీ? కొట్టుకుపోయిందా?"

అవతలి ఒడ్డున అక్క. అంబులెన్సు ఎర్రదీపం కనపడగానే చీర కొంగు పట్టుకుని ఊపుతోంది, ఇటు, ఇటు అని. ఈయన రెండు చేతులూ అడ్డంగా ఊపి అరిచాడు, దారి లేదని. ఆ హోరులో ఏం వినిపిస్తుంది? తనని గుర్తుపట్టి తమ్ముడు చెయ్యూపుతున్నాడనుకుని, ఆమె ఇంకా గట్టిగా ఊపింది.

చక్రాలు బురదలోంచి లాగి, వెనక్కి తిప్పి, పాత వంతెన దాకా పోయి, గుంటల రోడ్డు పట్టుకుని వెళ్ళేసరికి చీకటి పడింది. ఈయనా అందులోనే వెళ్ళాడు. మంచం పక్కన ఇరుగుపొరుగు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. డ్రైవరు బయటే ఆగిపోయాడు.

కార్యాలయంవాళ్ళు వచ్చి పలకరించి వెళ్ళారు. "వచ్చే ప్రణాళికలో మీ బావగారి పేరే పెడదాం వంతెనకి, పెట్టినట్టే అనుకోండి," అన్నాడు పెద్దసారు. చుక్కలాయన ఆయన మొహంకేసి చూడలేదు.

అందరూ వెళ్ళాక, ఒక ఉదయం అక్క గోడ మీది పటం కింద నిలబడి ఉంది. పటంలో వంతెన ఉందని డ్రైవరు అన్న మాట ఆమె చెవిన పడే ఉంటుంది.

"అక్కా," అన్నాడాయన, "బావని నేనే చంపాను. ఆ గీత నేను గీసిందే. వంతెన కట్టారని కాదు, కట్టేస్తారని నమ్మి కలిపేశాను."

ఆమె మిషను సొరుగులోంచి బ్లేడు తీసింది. కుట్టు విప్పేటప్పుడు వాడే బ్లేడు అది. ఏటి మీది గీతని మెల్లగా గీకడం మొదలుపెట్టింది, అక్కడొకటి, ఇక్కడొకటి, మళ్ళీ చుక్కలయ్యేలా. కాగితం చిరిగింది. వెనకున్న గోడ కనిపించింది.

"కుట్టు తప్పితే విప్పుకోవచ్చురా," అంది. బ్లేడు మిషను మీద పెట్టేసింది.

"కలిపెయ్యమని నేనే కదరా నీకు చెప్పింది."